టీవీ వెనక పావని, టీవీ ముందు ఆఫియా

"వచ్చిందా?" టీవీ వెనక నుంచి అడిగింది పావని.

"రాలే," టీవీ ముందు నుంచి చెప్పింది ఆఫియా.

"ఇప్పుడు?"

"ఇప్పుడు గూడ రాలే. నో సిగ్నల్ అని రాసున్నది. దాని కింద..."

"సరే సరే, నువ్వు ఊకో. నాకు తెలుసు," అంది పావని.

ఆ మాట పావనికి బాగా అలవాటు. లెక్కయినా, బొమ్మయినా, సైకిల్ చైను ఊడినా, ఎదుటివాళ్లు మాట పూర్తి చేసేలోపు "నాకు తెలుసు" అనేస్తుంది. చాలాసార్లు నిజంగానే తెలుసు కూడా. అదే వచ్చిన చిక్కు.

గద్వాలలో వాళ్ల బడికి ఉన్నది ఒకే ఒక్క పెద్ద టీవీ. అది ఆరో తరగతి గదిలో ఉంది. గోడ పక్కన ఇనుప స్టాండు మీద టీవీ, దాని పక్కన బల్ల మీద కంప్యూటర్. రెండింటినీ కలిపేది ఒక నల్లటి లావు వైరు. మొన్న గదికి రంగులు వేసినప్పుడు ఆ వైరును ఎవరో పీకేశారు. దాన్ని మళ్లీ పెట్టి, కంప్యూటర్‌లో ఉన్న వీడియోను టీవీలో చూపించాలి. పెన్‌డ్రైవ్‌లో వేసి చూపిద్దామంటే, టీవీకి పెన్‌డ్రైవ్ పెట్టే చోటు కిందటేడే విరిగిపోయింది. ఎవరు విరిచారో ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు.

"మీకు వైరు పెట్టుడు వస్తదా? లేకుంటే నేను వచ్చినంక పెడత," అన్నారు పొద్దున శ్రవణ్ కుమార్ సార్. ఆయన శాలువా, పూలదండ తేవడానికి బజారుకు వెళ్లాలి.

"నాకు తెలుసు సార్," అంది పావని. ఒకసారి సార్ పెడుతుంటే కిటికీలోంచి చూసింది మరి.

ఈ హడావిడి అంతా పుష్పమ్మ కోసం. పుష్పమ్మ ఆ బడిలో పద్దెనిమిదేళ్లుగా మధ్యాహ్న భోజనం వండుతోంది. ఇవాళే ఆఖరి రోజు. ఒంటిగంట దాటాక బయలుదేరి, రెండింటికి నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కుతుంది. అక్కడి నుంచి లింగాల. అక్కడ కూతురి దగ్గర మనవలతో ఉంటుంది.

పుష్పమ్మకు ఫొటోలంటే తెగ సిగ్గు. ఫోను కనబడితే చాలు, చేతిలో ఉన్న మూతో గరిటో ముఖానికి అడ్డం పెట్టుకునేది. ఇన్నేళ్లలో ఒకే ఒక్క గ్రూపు ఫొటోలో ఉంది. అందులోనూ కనబడేది సగం మూతే.

అందుకే పిల్లలు వారం రోజులు దొంగతనంగా వీడియో తీశారు. ఆఫియా బియ్యం బస్తా వెనక దాక్కుని, సార్ ఫోనుతో అన్నం వార్చే పుష్పమ్మను తీసింది. చిన్న పిల్లలకు గుడ్డు పెంకు ఒలిచి ఇచ్చే పుష్పమ్మను తీసింది. "లైన్ల నిలబడుండ్రి" అని అరిచే పుష్పమ్మను తీసింది. చివర్లో తరగతిలోని అందరూ, కొందరు చిన్న పిల్లలూ ఆమెకు ఒక్కో మాట చెప్పారు. ఆమె బస్సు ఎక్కేలోపు అది చూడాలి. చూడకుండా వెళ్లిపోతే వారం రోజుల కష్టం కంప్యూటర్‌లోనే మిగిలిపోతుంది.

గడియారం ఒంటిగంటకు పావు తక్కువ చూపిస్తోంది. మిగతా పిల్లలు ఇంకా భోజనాల దగ్గరే ఉన్నారు.

పావని మళ్లీ టీవీ వెనక దూరింది. వాళ్లింట్లో మగ్గం ఉంది. మగ్గం కింద దూరి దారపు ఉండలు ఏరడం ఆమెకు చిన్నప్పటి నుంచి అలవాటు. కాబట్టి దుమ్ము, బూజు లెక్కలోకి రావు. టీవీ వెనక వైరు పెట్టే సందులు రెండున్నాయి. ఒకటో నంబరు, రెండో నంబరు. ఇంతసేపూ వైరు రెండో దాంట్లో ఉంది. పావని దాన్ని పీకి ఒకటో దాంట్లో పెట్టింది.

సరిగ్గా అప్పుడే టీవీ ముందున్న ఆఫియా రిమోటు చూస్తోంది. అందులో సోర్స్ అనే బటన్ ఉంది. అది నొక్కితే టీవీ ఏ సందులోకి చూడాలో మారుతుంది. ఇంతసేపూ టీవీ ఒకటో దాంట్లోకి చూస్తోంది. ఆఫియా రెండు నొక్కింది.

"వచ్చిందా?"

"రాలే."

పావని వైరును మళ్లీ రెండో దాంట్లోకి మార్చింది. ఆఫియా రిమోటును మళ్లీ ఒకటికి మార్చింది.

"వచ్చిందా?"

"రాలే."

ఇరుకు సందులో ఎదురుపడ్డ ఇద్దరు దారి ఇవ్వబోయి, ఇద్దరూ ఒకే పక్కకు జరిగినట్టుంది వీళ్ల పని. ఆరుసార్లు అలాగే అయింది. వెనక ఉన్న పావనికి టీవీ తెర కనబడదు. ముందున్న ఆఫియాకు వైరు కనబడదు.

పావనికి చెమటలు పట్టాయి. కంప్యూటర్ ఆపి మళ్లీ వేసింది. కనబడిన వైరల్లా పీకి, నోటితో ఊది, మళ్లీ పెట్టింది. కీబోర్డు వైరు కూడా ఊదింది. దానికీ టీవీకీ ఏ సంబంధమూ లేదు.

"సార్‌కు ఫోన్ చేద్దమా?" అంది ఆఫియా మెల్లగా.

"వద్దు. నాకు తెలుసని చెప్పిన గద." పావని బయటికి వచ్చింది. ముక్కు మీద బూజు వేలాడుతోంది. ఆఫియా చేతిలో రిమోటు చూసింది. "నువ్వు ఏమన్న నొక్కుతున్నవా?"

"సోర్స్ నొక్కిన. టీవీ మీద నంబరు..."

"ఎవరు నొక్కమన్నరు నిన్ను? అందుకే వస్తలేదు. టీవీని ఖరాబు చేసినవ్."

ఆఫియా రిమోటును బల్ల మీద పెట్టి బయటికి వెళ్లిపోయింది.

పావని ఒక్కతే మిగిలింది. టీవీ వెనక్కి పోయి వైరు మార్చింది. తొందరలో అది సగమే దూరిన సంగతి గమనించలేదు. పరుగెత్తుకుంటూ ముందుకొచ్చి చూసింది. రాలేదు. మళ్లీ వెనక్కి పోయింది. వైరును పీకి ఇంకో సందులో పెట్టింది. ఈసారి కూడా బొమ్మ రాలేదు, పైగా ముందుకొచ్చేసరికి ఇందాక ఏ సందులో పెట్టిందో గుర్తులేదు. ఏడుపొచ్చినంత పనయింది.

"ఏంది బిడ్డ, అన్నానికి రాలేదు ఇంక?"

గుమ్మంలో పుష్పమ్మ నిలబడి ఉంది. ఒక చేతిలో బట్టల సంచి. ఇంకో చేతిలో ఉడికించిన గుడ్డు.

"నీ గుడ్డు పక్కకు పెట్టిన. ఆఫియా అయితే వద్దన్నది. ఎన్నడన్న వద్దన్నదా ఆ పిల్ల? నల్లా కాడ ఒక్కతే కూసున్నది. మీరిద్దరు ఒక్కదగ్గర లేకుంటే నాకు పరేషాన్ అయితది."

తప్పు చేశానని చెప్పాలనిపించింది పావనికి, కానీ వీడియో సంగతి చెప్పకూడదు. చేయి చాచి గుడ్డు తీసుకుంది.

"నువ్వు జర సేపు ఆగవా పుష్పమ్మా? సార్ వచ్చేదాక."

"ఆగుత గని, రెండు గంటల బస్సు ఆగది," అంటూ పుష్పమ్మ గిన్నెలు సర్దడానికి వెళ్లింది.

పావని టీవీ వైపు చూసింది. వెనక ఒకరు ఉండాలి, ముందర ఒకరు ఉండాలి. ఇద్దరు కావాల్సిన పని ఇది. ఇలాంటి పని తను రోజూ ఎక్కడో చేస్తూనే ఉందే అనుకుంది.

ఇంట్లోనే. నాయనమ్మ జమ్ములమ్మతో.

మగ్గం మీద కొత్త చీర మొదలుపెట్టే ముందు ప్రతి పోగునూ పన్నెలోంచి తీయాలి. పన్నె అంటే సన్నని సందులున్న పొడవాటి దువ్వెన లాంటిది. నాయనమ్మ వెనక కూర్చుని ఒక్కో పోగూ అందిస్తుంది. పావని ముందర కూర్చుని చిన్న కొక్కెంతో దాన్ని సందులోంచి లాగుతుంది. నాయనమ్మ "ఊ" అంటేనే లాగాలి. లాగాక పావని "ఊ" అనాలి. అప్పటిదాకా నాయనమ్మ చేయి కదలదు.

మొన్న పావని తొందరపడి "ఊ" అనకముందే లాగింది. పోగులు తప్పాయి. అరగంట పని మళ్లీ చేయాల్సి వచ్చింది. నాయనమ్మ కసరలేదు. కళ్లద్దాలు తుడుచుకుంటూ ఒక్క మాటే అంది.

"ఇద్దరి చేతులు ఒక్కపారి కదిలితే, పోగు యాడ పోయిందో ఇద్దరికీ తెల్వదు."

పావని చటుక్కున లేచి నల్లా దగ్గరికి పరుగెత్తింది.

ఆఫియా గట్టు మీద కూర్చుని నీళ్ల బొట్లు లెక్కపెడుతోంది. పావనిని చూసి ముఖం తిప్పుకుంది.

"తప్పు నాదే ఆఫియా," అంది పావని రొప్పుతూ. "నువ్వు ఖరాబు చెయ్యలే. నేను వెనక మార్చినప్పుడే నువ్వు ముందర మార్చినవ్. ఇద్దరం ఒక్కపారే మార్చినం. నువ్వు నంబరు చెప్పబోతే నేనే విననియ్యలే."

ఆఫియా ఒక నిమిషం ఆలోచించింది. "అంటే నువ్వు ఒకటిల పెట్టినప్పుడు నేను రెండు నొక్కిన?"

"ఊ."

"నువ్వు రెండుల పెట్టినప్పుడు నేను ఒకటి నొక్కిన?"

"ఊ. ఆరుసార్లు."

ఆఫియా పెదవులు బిగించింది కానీ నవ్వు ఆగలేదు. పావనికీ నవ్వొచ్చింది. గుడ్డును రెండు ముక్కలు చేసి చెరి సగం తిన్నారు. ఆఫియా తన చున్నీ కొంగుతో పావని ముక్కు మీది బూజు తుడిచింది.

"నీకు తెర కనబడుతది, నాకు కనబడది," అంది పావని. "నువ్వు చెప్పు. నువ్వు చెప్పినంకనే నేను చెయ్యి కదుపుత."

ఇద్దరూ గదిలోకి పరుగెత్తారు. పావని టీవీ వెనక, ఆఫియా టీవీ ముందు.

"టీవీ ఇప్పుడు ఒకటి అంటున్నది," అంది ఆఫియా. "నేను ఏం నొక్కను. నువ్వు ఒకటిల పెట్టు."

పావని ఒకటో సందు వెతికి, వైరును గట్టిగా నొక్కింది. చేయి తీసేసింది.

"ఊ," అంది.

వైరు వైపు మళ్లీ చేయి పోకుండా పావని రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది.

"వచ్చిందే పావనీ," అంది ఆఫియా. "వచ్చింది."

పావని బయటికి దూకి చూసింది. టీవీ నిండా పుష్పమ్మే ఉంది.

పది నిమిషాల్లో గది కిక్కిరిసిపోయింది. శ్రవణ్ కుమార్ సార్ శాలువాతో వచ్చారు. పుష్పమ్మను బలవంతంగా తెచ్చి ముందు కుర్చీలో కూర్చోబెట్టారు. తెర మీద తన ముఖం కనబడగానే ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది. టీవీలో ఉన్న తనకు కనబడకుండా తనే దాక్కుంది పాపం. పిల్లలు పొట్టలు పట్టుకుని నవ్వారు.

మెల్లగా కొంగు జారింది.

"నేను గంత గట్టిగ అరుస్తనా?" అంది పుష్పమ్మ.

"ఇంక గట్టిగ అరుస్తవ్," అన్నారు అందరూ ఒక్కసారే.

చివర్లో ఒకటో తరగతి పిల్లాడు తెర మీదికి వచ్చాడు. "పుష్పమ్మా, నేను అడగకుండనే నాకు మల్లా పప్పు ఏస్తవ్," అని చెప్పి పారిపోయాడు. పుష్పమ్మ కళ్లు తుడుచుకుంది. ఈసారి ముఖం దాచుకోలేదు.

"శభాష్ పావని, చెప్పినట్టే చేసినవ్," అన్నారు సార్.

పావని తల అడ్డంగా ఊపింది. "నాకు తెల్వదు సార్. తెలుసని ఊకెనే చెప్పిన. ఆఫియా చూసి చెప్పింది, అప్పుడు వచ్చింది."

సార్ ఇద్దరినీ మార్చి మార్చి చూసి నవ్వారు. తర్వాత గడియారం చూసి ఉలిక్కిపడ్డారు. "పుష్పమ్మా, రెండు కావస్తున్నది. బస్సు."

"మూడింటికి ఇంకొకటి ఉన్నది సార్," అంది పుష్పమ్మ. కుర్చీలో ఇంకాస్త సర్దుకుని కూర్చుంది. "నేను సరిగ్గ చూడలే. ఇంకోపారి పెట్టుండ్రి."

పావని కంప్యూటర్ ముందుకు వెళ్లింది. మౌస్ మీద వేలు పెట్టింది. నొక్కకుండా ఆఫియా వైపు చూసింది.

వెనక బెంచీల వాళ్లు కూర్చునేదాకా ఆఫియా ఆగింది. తర్వాత తల ఊపింది.

"ఊ," అంది.

అప్పుడు పావని నొక్కింది.