మొక్కకు వేలిముద్రలుంటాయా?

“మీ మందులో కల్తీ ఉంది!”

ప్రయోగశాలలో నలుగురూ వింటుండగా ఆ మాటన్నది చుక్కల సారు. తెల్లని పలకపై చుక్క పెట్టి మందు శుద్ధిని తేల్చే యువకుడు కనుక ఆ పేరు. మాట పడ్డది కొత్తమ్మాయి. ఆకుల పొడిని ఆల్కహాల్‌లో నానబెట్టి, వడగట్టి, పసరు వదిలించి, నెలంతా శ్రమించి చిటికెడు తెల్లని మందు రాబట్టింది.

“పలకపై ఒక్క మచ్చ ఉండాల్సిన చోట రెండున్నాయి. పారబొయ్యాల్సిందే.”

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

“అదే నిజమైతే ఈ అమ్మాయి ఉద్యోగం గురించీ ఆలోచించాలి,” అని ప్రయోగశాల నడిపే పెద్దమేడమ్ నిట్టూర్చారు. అందరూ టీకి కదిలారు.

కొత్తమ్మాయి మాత్రం చుక్కల సారు దగ్గరే ఆగింది. “ఆ పలక ఇటివ్వండి.”

“చూసేం చేస్తారు? కాకిపిల్ల కాకికి ముద్దు.”

ఆమె పలకను మళ్ళీ అయోడిన్ ఆవిరికి పట్టగానే మచ్చలు గోధుమరంగులో తేలాయి. ఒకటి గుండ్రంగా, బుద్ధిగా ఉంది. రెండోది కోలగా, సన్నని గీతలతో ఉంది.

“సార్, మొక్కకు వేలిముద్రలుంటాయా?”

అతడు బొటనవేలిని ఆ మచ్చ పక్కన పెట్టి చూశాడు. అచ్చు అదే! తొడుగు లేని చేతి జిడ్డు. ముఖం వెలవెలబోయింది.

“సారీ అండీ. కాఫీ ఇప్పిస్తాను.”

“నలుగురిలో కొట్టి, చాటుగా మందు రాస్తారా?”

“అందరిలో చెబితే నవ్వుతారండీ!”

“ఇందాక నన్ను చూసి నవ్వారు. బతికే ఉన్నానుగా?”

గొంతు గట్టిగానే ఉంది. కళ్ళు మాత్రం తడిశాయి. అతడు తల వంచుకున్నాడు.

నింద ఎక్కడ వేశామో, దాన్ని తుడవవలసిందీ అక్కడే. అందరూ తిరిగి రాగానే అతడు బొటనవేలు పైకెత్తాడు.

“మేడమ్, కల్తీ మందులో లేదు. ఇక్కడుంది.”

అందరూ గొల్లున నవ్వారు. అతడు తప్పుకోలేదు. పెద్దమేడమ్ ఎదుటే, తొడుగు వేసుకుని, కొత్త పలకపై మళ్ళీ పరీక్ష చేశాడు. ఒక్కటే మచ్చ.

“అమ్మాయీ, ఉద్యోగం నీది. బాబూ, ఆ తొడుగు నీది! అసలెలా మరిచావయ్యా?”

“అప్పుడీవిడ కిటికీ దగ్గర నిలబడి వాన చూస్తున్నారు మేడమ్. నేను... వాన చూడలేదు.”

అందరి తలలూ ఆమెవైపు తిరిగాయి.

“ఆగండి!” ఆమె చెవులదాకా ఎర్రబడింది. “ఇది మాత్రం చాటుగా చెప్పాల్సిన మాట.”

“ఎక్కడ?”

“కాఫీ ఇప్పిస్తానన్నారుగా?”