రబ్బరు బ్యాండ్లు వదిలిన దొంగ

1983 ఏప్రిల్ 5. మంగళవారం. ఉదయం తొమ్మిదిన్నర.

హన్మకొండలోని ఒక పరిశోధన సంస్థ లైబ్రరీ. కిటికీ పక్క బల్ల మీద ఒక చెప్పుల డబ్బా ఉంది. దాని మూత తీసిన ఇమ్మానుయేలు అక్కడే కూలబడిపోయాడు.

డబ్బాలో ఉండాల్సిన పద్నాలుగు వందల కార్డులు లేవు.

చెరువుల సేద్యం మీద ఆరేళ్లుగా అతను చదివిన ప్రతి పుస్తకం, ప్రతి వ్యాసం, పేజీ నంబరుతో సహా ఆ కార్డుల మీదే రాసుకున్నాడు. వాటిని చూసే థీసిస్ రాయాలి. గడువు ఇప్పటికే రెండుసార్లు పొడిగించారు. ఈ నెల ముప్పైలోగా ఇవ్వకపోతే రిజిస్ట్రేషన్ రద్దు.

లైబ్రరీలో ఎవరినీ అడగకుండానే పది గంటలకు పోలీస్ స్టేషన్‌లో కంప్లయింట్ ఇచ్చాడు. ఎస్సై వెంకట్రాజం చదివి నవ్వాడు.

"చెప్పుల డబ్బా పోయిందా?"

"డబ్బా ఉంది సార్. లోపలి కార్డులు పోయినయి."

"కాయితాలకు గింత ఫికర్ ఎందుకయా? అన్నం తిని వస్త, నువ్వు పో."

ఎస్సై గారి భోజనం, ఆపైన కునుకు అయ్యేసరికి మూడున్నర దాటింది. పోలీసు నిద్ర కూడా డ్యూటీ కిందికే వస్తుంది మరి.

లైబ్రరీకి వచ్చాక మాత్రం చకచకా అడిగాడు.

"ఆఖరుసారి ఎప్పుడు చూసినవ్?"

"గురువారం సాయంత్రం, నాలుగూ యాభై. చర్చిల ప్రార్థన ఉండె. హసన్‌పర్తి బస్సు దొరకదని ఉరికిన. డబ్బా బల్ల మీదనే మరిచిన. ఈస్టర్ అయినంక ఇయ్యాలనే వచ్చిన."

"ఎవరి మీదన్న అనుమానం?"

ఇమ్మానుయేలు చూపు ఎదురు బల్ల వైపు వెళ్లింది. అక్కడ కూర్చున్నది రాజేశ్వర్ రావు. అతనిదీ చెరువుల మీద పరిశోధనే. పది రోజుల కింద ఆ కార్డులు అడిగితే ఇమ్మానుయేలు ఇవ్వలేదు.

"గురువారం సంది ఎక్కడున్నవ్?" ఎస్సై అతని వైపు తిరిగాడు.

"తొర్రూరుల, మా అక్క ఇంట్ల. కార్డులు అడిగిన మాట నిజమే సార్. దొంగతనం మాత్రం నాకు అంటగట్టకుండ్రి."

ఎస్సై డబ్బా మూత ఎత్తాడు. అడుగున కార్డుల కట్టలకు వేసిన ముప్పై రెండు రబ్బరు బ్యాండ్లు. ఒకదాని పక్కన ఒకటి శ్రద్ధగా పేర్చి ఉన్నాయి.

అతని మొహంలో నవ్వు పోయింది.

"ఒక్క కార్డన్న మిగిలిందా?"

ఇమ్మానుయేలు చొక్కా జేబులోంచి ఒకటి తీశాడు. సెలవుల్లో చూసుకుందామని తీసుకెళ్లినది. ఒక వైపు సన్నని చేతిరాత. తిప్పితే ఒక పుస్తకం పేరు, నంబరు. కింది అంచున గుండ్రటి చిల్లు.

"ఈ చిల్లేంది?"

"ఇవి లైబ్రరీ పాత కేటలాగు కార్డులు సార్. కొత్తయి టైపు చేసినంక పాతయి పనికి రావని, రిటైరైన లైబ్రేరియన్ సారు నాకిచ్చిండు. వెనకంత ఖాళీ ఉండె. ఆడ రాసుకున్న."

నాలుగూ ఇరవైకి ఎస్సై అందరినీ కేటలాగు బీరువా ముందుకు పిలిచాడు. ఇమ్మానుయేలు, రాజేశ్వర్ రావు, అటెండర్ మొండయ్య, జనవరిలో కొత్తగా వచ్చిన లైబ్రేరియన్ లక్ష్మీనర్సమ్మ.

"దొంగయితే డబ్బాతో సహా ఎత్తుకపోతడు. కూసొని రబ్బర్లు విప్పి పేర్చడు. కార్డులు ఒక్కొక్కటి విడదీసే పని ఎవనికుంటది?" ఒక డ్రాయర్ లాగాడు. కార్డుల చిల్లుల్లోంచి ఇనుప కడ్డీ దూరి ఉంది. "ఈ కడ్డీకి గుచ్చెటోనికి. మొండయ్యా, నువ్వేనా?"

మొండయ్య దాచలేదు.

"నేనే సారూ. ఐదు కొట్టినంక బల్ల మీద కార్డు ఉండొద్దు. ఏడిది ఆడ వెట్టాలె. ఇరవై ఆరేండ్ల సంది గిదే నా డ్యూటీ. ఎవరో గుంజి పడేసిండ్రనుకున్న. శనివారం పొద్దంత కూసొని గుచ్చిన."

"వెనక రాత చూడలేదా?"

"నాకు ఏబీసీడీలే వస్తయి సారూ. ముందర పేరు చూసి పెడత. వెనక తిప్పి ఎన్నడు చూడలే."

ఇమ్మానుయేలుకు ప్రాణం లేచి వచ్చింది. డ్రాయర్ మీద పడ్డాడు. టైపు కార్డు. మళ్లీ టైపు కార్డు. ఇంకో డ్రాయర్. అన్నీ టైపు కార్డులే.

"అవి లేవు తమ్మీ." అంది లక్ష్మీనర్సమ్మ. "నిన్న స్టాక్ వెరిఫికేషన్ చేసిన. ఒక్కో పుస్తకానికి రెండేసి కార్డులు కనబడ్డయి. పాతయన్ని తీసి, వెనక చూడకుంటనే బైండింగ్ రూముకు పంపిన. అట్టలకు పనికొస్తయని."

బైండింగ్ గదిలో మైదా గంజి వాసన. ప్రెస్సు కింద కొత్త అట్టలు బిగించి ఉన్నాయి. ఇమ్మానుయేలు ఒక అట్ట అంచును గోటితో లేపాడు. తడి కాగితం ముద్దగా ఊడి వచ్చింది. నీలం సిరా వేళ్లకు అంటింది.

"గంజిల ఎప్పుడు వేసిన్రు?" ఎస్సై అడిగాడు.

"రెండు గంటలకు," అంది లక్ష్మీనర్సమ్మ.

వెంకట్రాజం తల దించుకున్నాడు. రెండు గంటలకు తను కునుకు తీస్తున్నాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. కాలిన చేతులు మాత్రం తనవి కావు.

'నేరం జరగలేదు' అని రిపోర్టు రాయాలి. అది నిజమే. అయినా రాయడానికి చెయ్యి ఆడలేదు.

"ఇంక ఇరవై ఐదు దినాలున్నయి కద. నా నోట్సు ఇస్త, మళ్ల రాయి," అన్నాడు రాజేశ్వర్ రావు.

"సగం పుస్తకాలు ఈడ లేనే లేవన్నా. ఆరేండ్లు ఎన్ని ఊర్లు తిరిగితె దొరికినయి! ఇంక నాతోని కాదు."

ఇమ్మానుయేలు ఏడుస్తూనే మెట్లు దిగి వెళ్లిపోయాడు. డబ్బా కూడా తీసుకోలేదు.

ఐదు గంటలు కొట్టింది.

బీరువా పక్క బల్ల మీద ఆ జేబు కార్డు ఒక్కటే మిగిలింది. మొండయ్య అలవాటుగా దాన్ని తీసి డ్రాయర్ దాకా వెళ్లి ఆగాడు. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి కార్డు వెనక్కి తిప్పి చూశాడు. కలిపి రాసిన ఇంగ్లీషు. ఒక్క ముక్క అర్థం కాలేదు.

"దీన్ని ఏడ వెట్టాలె సారూ?" అని ఎస్సైని అడిగాడు.