పెళ్ళిబాన దొంగ

తమ్‌తా అతన్ని మొదటిసారి చూసినప్పుడు అతను బోర్లా పడుకుని ఉన్నాడు. అదీ ఎక్కడ? వాళ్ళ తాతగారి బానల కొట్టులో, ఆమె పెళ్ళిబాన మూత తీసి, చేతిలో గరిటెతో, పక్కన కూజాతో!

ఆడపిల్ల పుట్టిన ఏడాది వైన్‌ని చిన్న బానలో పోసి, మెడ దాకా భూమిలో పాతి, ఆ పిల్ల పెళ్ళినాడు తెరిచి ఊరందరికీ పొయ్యడం వాళ్ళింటి ఆచారం. తాత పోయి ఆరేళ్ళయింది. అన్నేళ్ళూ తిబిలిసీ నగరంలో ఓ ఆఫీసు కుర్చీలో అరిగిపోయిన తమ్‌తా, పాడుబడ్డ ద్రాక్షతోటను మళ్ళీ బతికించాలని ఆ మార్చి పొద్దున బస్సు దిగింది. పెట్టె ఇంకా చేతిలోనే ఉంది.

"దొంగా!"

అతను ఉలిక్కిపడ్డాడు. గరిటె రాతి మీద పడి ఖంగుమంది.

"తోడట్లేదండీ, ఒక్క నిమిషం..."

"మరి కూజా ఎందుకు? మొహం కడుక్కోవడానికా?"

"అరవకండి, చెప్తాను."

"అరుస్తాను! ఎతేరీ అత్తా! అందరూ రండి! దొంగ దొరికాడు!"

వచ్చారు. ముందు ఎదురింటి మేనత్త ఎతేరీ, వెనక ఊరంతా. వైన్‌కి పేరుపడ్డ కఖేతీ సీమలో వైన్ గొడవంటే రానిదెవరు? చూస్తే ఆ దొంగ పక్క తోట తోర్నికేనట. ఊరి ముందు అతని చెవులు ఎర్రబడ్డాయి. కూజా తీసుకుని వెళ్ళిపోయాడు. చెప్తానని చెప్పకుండా పోయినవాడు దొంగ కాక మరెవరని తమ్‌తా తీర్పు చెప్పేసింది. బానకు రాతిమూత పెట్టి, చుట్టూ బంకమట్టి మెత్తి, కొట్టుకు పెద్ద తాళం వేసింది.

ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు. కంచెకి ఇటు ఆమె, అటు అతను. ఆమె కోపం మాత్రం రోజూ కంచె దాటేది.

కోపం అతని ఒక్కడి మీదే కాదు. తోటలో పురుగుమందు కొట్టనంటే ఊరు నవ్వింది. బానలో పులియబెట్టే పొడులేవీ కలపను, తాత చేసినట్టే చేస్తానంటే మరీ నవ్వింది. "పట్నం అమ్మాయి వెనిగర్ బాగా చేస్తుందట, సలాడ్‌లోకి పనికొస్తుంది" అన్నాడొక పెద్దమనిషి. తమ్‌తా పళ్ళు కొరుక్కుంటూ కత్తిరించింది, తవ్వింది, తీగలు కట్టింది. అడవిలా పెరిగిన తోటలో చివరికి నాలుగు వరుసలు కాపుకొచ్చాయి. సెప్టెంబరుకి గుత్తులు నల్లగా మెరిశాయి.

గురువారం కోత. ఇంకా మూడు రోజులే ఉంది. ఆరేళ్ళుగా కడగని పెద్ద బాన మాత్రం భూమిలో అలాగే ఉంది. అది ఇద్దరు మనుషులంత లోతు, మెడ చూస్తే జల్లెడంత. అందులోకి దిగి, చెర్రీ బెరడు బ్రష్‌తో, సున్నపు నీళ్ళతో రుద్దాలి. లేకపోతే పోసిన రసమంతా పాడవుతుంది, ఊరు నవ్విందే నిజమవుతుంది.

"తోర్నికేని పిలిచాను" అంది అత్త.

"ఆ దొంగనా? నా కొట్టులోకా?"

"ఆ మెడలో పట్టే భుజాలు ఊళ్ళో వాడికొక్కడికే ఉన్నాయే. మిగతావాళ్ళంతా తిని తిని తలుపుల్లా తయారయ్యారు. వద్దంటావా? వెనిగరే చేసుకో. నేను కోతకి మనుషుల్ని మాట్లాడి వస్తాను. పైన నువ్వు నిలబడు. మాట ఆపకు!"

అదీ అసలు చిక్కు. బానలో దిగినవాడితో పైవాళ్ళు మాట్లాడుతూనే ఉండాలి. వాడు పలుకుతూనే ఉండాలి. పలకలేదంటే లోపల గాలి ఆడట్లేదని అర్థం.

గాలి ఉందో లేదో ముందు కొవ్వొత్తి దించి చూసి, తర్వాత నిచ్చెన మీద అతను దిగాడు.

"ఉన్నావా?"

"ఉన్నాను."

"ఉన్నావా?"

"ఉన్నాను. ఇలా అయితే సాయంత్రానికి ఇద్దరికీ పిచ్చెక్కుతుందండీ. పోనీ తిట్టండి. అది మీకు బాగా వచ్చు."

"తిట్టనా మరి? నా పెళ్ళివైన్‌లో ఎన్ని కూజాలు తాగావు?"

బ్రష్ చప్పుడు మధ్యలోంచి అతని గొంతు వచ్చింది.

"పాతిన బానలో ఏటా ఒక కూజా తగ్గుతుంది. మట్టి తాగేస్తుంది. ఖాళీలో గాలి చేరితే పులిసిపోతుంది. మీ తాతయ్య చెప్పలేదా?"

"చెప్పాడు. అయితే?"

"ఆరేళ్ళు ఎవరూ చూడని బాన అంచుదాకా ఎలా ఉందండీ?"

తమ్‌తాకి ఆ మార్చి పొద్దున గుర్తొచ్చింది. మూత పెడుతుంటే వైన్ రాతికి తగిలి చింది, ఆమె తెల్ల చొక్కా మీద మరక పడింది. ఆ మరకకి కూడా అతన్నే తిట్టుకుంది.

"నువ్వు... పోస్తున్నావా?"

"మీ తాతయ్య ఇచ్చిన కొమ్మల్తో వేసిన తోటే మాది. అదే ద్రాక్ష. ఆ రోజు అప్పటికే పోసేశాను, నా కూజా ఖాళీ. మీరు చూస్తేగా!"

సిగ్గుపడాల్సిన చోట ఆమెకు ఇంకా కోపం వచ్చింది.

"ఆర్నెల్లు! ఆర్నెల్లు నన్ను తెలివితక్కువదాన్ని చేసి కూర్చోబెట్టావు! అప్పుడే చెప్పడానికి నోరు పడిపోయిందా?"

"ఊరందరి ముందా? పరాయి పిల్ల పెళ్ళిబాన నువ్వెందుకురా నింపుతున్నావని అడిగితే?"

"తాత చెప్పాడని చెప్పాలి!"

జవాబు లేదు. బ్రష్ చప్పుడూ లేదు.

"తోర్నికే? ఉన్నావా?"

బానలోంచి ఆమె గొంతే తిరిగొచ్చింది.

తమ్‌తా ఆ రోజు అతను పడుకున్నట్టే నేల మీద బోర్లా పడి, బాన మెడలోకి తల దూర్చింది.

"తోర్నికే! పలుకు! నీకు దణ్ణం పెడతాను, పలుకు! అత్తా..!"

"ఉన్నాను." చాలా చిన్న గొంతు. "అబద్ధం చెప్పాలా వద్దా అని ఆలోచిస్తున్నాను."

"ఏం అబద్ధం?"

"తాతయ్య చెప్పింది ఒక్క వసంతానికే. ఏడాదిలోపు నువ్వు వచ్చేస్తావన్నాడు. ఆయన నోట నీ కబుర్లు విని విని... మిగిలిన అయిదూ నా అంతట నేనే పోశాను."

ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగి, ముక్కు మీంచి జారి బానలో పడ్డాయి.

"తిబిలిసీలో ఎవడినో చేసుకుని ఉంటే?"

"చేసుకున్నా సరే. నీ పెళ్ళిలో పులిసిన వైన్ పొయ్యకూడదు కదా."

"చచ్చావనుకున్నాను రా! బుద్ధి ఉందా నీకు? రా, బయటికి రా! గోతిలోంచి అడిగితే నేను ఒప్పుకోను!"

"నేనింకా ఏమీ అడగలేదే."

"అదే నా కోపం!"

ఆమె కేకలకి అత్తతో పాటు సగం వీధి పరుగెత్తుకొచ్చింది. ఆ రోజు వచ్చినవాళ్ళే. ఒళ్ళంతా సున్నంతో తోర్నికే నిచ్చెనెక్కి నడుము దాకా బయటికొచ్చి, జనాన్ని చూసి అక్కడే ఆగిపోయాడు.

"మళ్ళీ దొంగేనా?" అన్నాడు సలాడ్ పెద్దమనిషి.

తమ్‌తా లేచి నిలబడింది. "కాదు. తప్పు నాదే. మీ అందరి ముందు అన్నాను, అందుకే మీ అందరి ముందే చెప్తున్నా. ఇతను నా బానలోంచి తియ్యలేదు. ఆరేళ్ళు పోశాడు."

"ఎందుకు పోశాడమ్మా?"

అతను భయపడిన ప్రశ్న అదే. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి.

"పెళ్ళికి రండి" అంది తమ్‌తా, ఆ కోపంతోనే. "తాగి తెలుసుకుందురు గాని."

ఎతేరీ అత్త కళ్ళు తుడుచుకుని, నడుముకి చేతులు పెట్టుకుంది. "సరే, సంతోషమే. కానీ గురువారం కోత, బాన సగమే కడిగారు. దిగు అల్లుడా, దిగు."

అతను దిగాడు. తమ్‌తా బాన అంచున కూర్చుంది.

"ఉన్నావా?"

"ఉన్నాను."