రెండు గిన్నెల బాచోయ్

ఆదివారం చర్చి వదిలేసరికి లాపాజ్ మార్కెట్లో ఫెలీసా కొట్టు ముందు బల్లలన్నీ నిండిపోయాయి. బాచోయ్ నూడుల్స్‌లో పోసే పంది ఎముకల పులుసు తెల్లవారకముందు నుంచీ మరుగుతోంది. కూతురు జోవెలిన్ నిమ్మకాయలు తేవడానికి వెళ్లింది. ఆ పిల్ల బడిలో పాఠాలు చెబుతూనే శనివారాలు కౌన్సెలింగ్‌లో ఎం.ఏ. చదువుతోంది. లైసెన్సు పరీక్ష ఒక్కటీ అయిపోతే మా అమ్మాయి మనసుకు మందిచ్చే డాక్టరమ్మేనని ఫెలీసా వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పుకుంటుంది.

ఆ పూట జోవెలిన్‌తో చదివే రొడోరా తినడానికి వచ్చింది. ఫెలీసాని పిన్ని వరసలో 'టీటా' అని పిలుస్తుంది.

"మీ అమ్మాయి ప్రాక్టికల్స్‌కి రాసిన పేషెంటు కేసు విని క్లాసంతా ఏడ్చేశాం టీటా! ఎవరో చేపలమ్మే ఆవిడట. పేరు చెప్పలేదు లెండి, చెప్పకూడదు కూడా. మొగుడు రోజూ కొట్టేవాడట. అతని పడవ మునిగిందని కబురొచ్చిన రోజు ఆవిడ తలుపేసుకుని రెండు గిన్నెల బాచోయ్ తిందట. పెళ్లయ్యాక కడుపునిండా తిన్నది ఆ రోజేనట, పాపం!"

ఫెలీసా చేతిలో గరిటె ఆగిపోయింది. పద్దెనిమిదేళ్లుగా ఆ మాట ఆమె చర్చిలో ఫాదరుకు కూడా చెప్పలేదు. మొన్న వానల్లో జ్వరమొచ్చి పడుకున్నప్పుడు, కాళ్లు పడుతున్న కూతురికి చెప్పింది. అంతే.

జనం పలచబడ్డాక జోవెలిన్‌ని వెనక వంటింట్లోకి పిలిచింది.

"ఎవరే ఆ చేపలావిడ?"

జోవెలిన్ మొహం పాలిపోయింది. "అమ్మా... పేరు రాయలేదు. ఊరు మార్చాను. పనీ మార్చాను."

"గిన్నెలు మాత్రం రెండే ఉంచావేం? మూడు చెయ్యకపోయావా?"

"నా దగ్గరికొచ్చే పేషెంటు మధ్యలో మానేసింది. గడువు దగ్గరపడింది. ఏం చెయ్యాలో తోచక..."

"తోచక అమ్మని అమ్ముకున్నావు! ఆ రోజు నా కాళ్లు పట్టింది కూతురా, కౌన్సెలరా? అది చెప్పు చాలు."

జోవెలిన్ చదువుకున్న పుస్తకాల్లో అడగకుండా ఎవరి మాటా వాడకూడదన్నదే మొదటి పాఠం. పరాయివాళ్ల విషయంలో తు.చ. తప్పకుండా పాటించింది. సొంత తల్లిని అడగాలని తట్టనే లేదు.

తొమ్మిది రోజులు ఫెలీసా అన్నం పెట్టేది, మొహం చూసేది కాదు. పదోరోజు మధ్యాహ్నం జోవెలిన్ ఆ కేసు రాసిన కాగితాల కట్ట తెచ్చి తల్లి ముందు పెట్టింది.

"మా ప్రొఫెసర్ విల్లరూజ్ మేడంతో నిజం చెప్పేశాను. ఆ కేసు కొట్టేశారు. ప్రాక్టికల్స్ మళ్లీ మొదటి నుంచి చెయ్యాలి. ఏడాది పోయింది."

"ఏడాది పోతే వస్తుంది. నా మాట వెనక్కొస్తుందా?"

"రాదు." జోవెలిన్ నేల మీద కూలబడింది. "ఇంకోటి ఉందమ్మా. గడువొక్కటే కాదు. నాన్న పోయిన రోజు నేనూ సంతోషించాను. ఎనిమిదేళ్ల పిల్లని. ఇక ఎవరూ కొట్టరని దుప్పట్లో మొహం పెట్టుకుని నవ్వాను. ఆ పాపం ఎవరితోనూ చెప్పుకోలేకపోయాను. నువ్వు చెప్పినప్పుడు ప్రాణం లేచొచ్చింది. ఆ కాగితాల్లో నీ వెనకాల దాక్కుని నా సంగతే రాసుకున్నాను."

భర్త పోయిన ఆ రోజు ఫెలీసా తలుపు వేసుకుంది. అవతల గదిలో పిల్ల ఉందని, దానికీ ఒక మనసు ఉందని ఇన్నేళ్లలో ఒక్కసారీ తలచుకోలేదు. కోపం ఇంకా గుండెల్లోనే ఉంది. అయినా పొయ్యి ఆర్పి, వచ్చి కూతురి పక్కనే నేల మీద కూర్చుంది.

"ఇది ఎక్కడా రాయవుగా?"

"రాయనమ్మా."

"ఒట్టు?"

"నీ మీదొట్టు."

ఫెలీసా కొంగులేని తన గౌను అంచుతోనే కూతురి కళ్లు తుడిచింది.

"అయితే నీ సంగతి చెప్పు. మొదటి నుంచీ చెప్పు. వింటాను."