జేడ్ మొక్క సర్వీస్ కార్డు

పన్నెండో ఆకు రాలిన శనివారం, కుండీని ఒళ్లో పెట్టుకుని బస్సెక్కాను.

అది మా అక్క జేడ్ మొక్క. పదకొండేళ్ల కిందట ఎవరింట్లోనో రాలిన ఒక్క ఆకుని తెచ్చి, మట్టి మీద పడుకోబెట్టి, మోకాలెత్తు చెట్టు చేసింది. ఇప్పుడు దాని కాండం నా మణికట్టంత. మూడు నెలల ట్రైనింగ్‌కి వేరే ఊరు వెళ్తూ నాకు అప్పజెప్పింది. పది రోజులకోసారి నీళ్లు, కిటికీ పక్కన చోటు, అంతే.

"ఇంకేమీ చెయ్యకు. నువ్వు ఏమీ చెయ్యకుండా ఉండగలవని నమ్మి వెళ్తున్నా" అంది.

నేను నిజంగానే ఏమీ చెయ్యలేదు. అయినా ఆకులు పసుపుపచ్చగా మారి, పట్టుకుంటే మెత్తగా నలిగిపోతున్నాయి. అక్క రావడానికి ఇంకా నెల ఉంది. ఆవిడ వచ్చేసరికి కుండీలో మోడు మిగిలితే నేను ఇంట్లో తలెత్తుకు తిరగలేను.

నర్సరీ చివర రేకుల షెడ్డు. దానికి 'మొక్కల వైద్యం' అని బోర్డు. బోర్డు కింద మోచేతుల దాకా మట్టితో, చెవి మీద పెన్సిల్‌తో ఒకమ్మాయి. నా వైపు చూడలేదు. ముందు మొక్కని చూసింది.

నీళ్లు ఎన్ని రోజులకోసారి అని అడిగింది. పది అన్నాను. ఒక సన్నటి చెక్కపుల్ల తీసి మట్టిలో అడుగుదాకా దించి, పైకి లాగింది. పుల్లకి బురద అంటుకుని వచ్చింది.

"ఈ పుల్ల మీకన్నా నిజాయితీగా ఉందండి" అంది.

నాకు ఒళ్లు మండింది. నేను లిఫ్ట్ మెకానిక్‌ని. మా పనిలో అబద్ధం చెబితే మనుషులు మూడో అంతస్తులో ఇరుక్కుపోతారు. ఆ మాటే అన్నాను. ఆవిడ అప్పుడు నావైపు చూసింది. ఆ చూపులో కోపం ఉందో నవ్వు ఉందో తేలలేదు.

జేడ్ తన ఆకుల్లోనే నీళ్లు దాచుకుంటుందట. అదనంగా పోస్తే తాగలేదు, వేళ్లు కుళ్లిపోతాయి. ఆవిడ కుండీ బోర్లించి, నల్లబడ్డ వేళ్లని కత్తిరించి, ఇసుక ఎక్కువ కలిపిన పొడిమట్టిలోకి మార్చింది. రెండు వారాలు చుక్క నీళ్లు కూడా వద్దంది. వచ్చే శనివారం ఒకసారి తీసుకురమ్మంది.

చుక్క కూడా పొయ్యలేదు. శనివారం పుల్ల గుచ్చితే మళ్లీ బురద.

ఆవిడ పుల్లని చూసింది, నన్ను చూసింది. తిడితే బాగుండేది. మళ్లీ మట్టి మార్చింది. ఆ పని జరుగుతున్నంతసేపూ షెడ్డు మీద వాన కురిసింది. నేను వాన తగ్గకపోతే బాగుండునని ఎందుకు అనుకున్నానో నాకు తెలియదు.

మూడో శనివారం ఆకులు ముడతలు పడ్డాయి. ముడతలంటే దాహం కదా అన్నాను. దాహమే, కానీ నీళ్లు లేక కాదు, తాగడానికి వేళ్లు లేక అంది. ఆకుల మొదట్లో దూదిలా తెల్లటి పురుగు కూడా పట్టింది. స్పిరిట్‌లో ముంచిన దూదితో ఇద్దరం చెరో వైపు నుంచి తుడుస్తూ కూర్చున్నాం. ఒకే ఆకుని రెండు వైపుల నుంచీ పట్టుకున్నప్పుడు ఆవిడ చెయ్యి ఆగింది. నాదీ ఆగింది. పురుగు మాత్రం నడుస్తూనే ఉంది.

"మీరు అబద్ధం చెప్పడం లేదు. మొక్కా చెప్పడం లేదు. నాకు మతి పోతోంది" అంది.

నాకు పోయి రెండు వారాలైంది. అక్క వెళ్లాక ఇంట్లో ఉండేది నేనూ నాన్నా. నేను పొద్దున ఎనిమిదికి వెళ్తే సాయంత్రం ఏడుకి వస్తాను. నాన్న ముప్ఫై ఏళ్లు రికార్డు గదిలో గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. అడిగితే, పేపరు మడిచి, మొక్క సంగతి నాకేం తెలుసురా అన్నారు.

లిఫ్ట్ ఊరికే మొరాయిస్తుంటే మేం ఒక పని చేస్తాం. మెషిన్ గదిలో సర్వీస్ కార్డు వేలాడదీస్తాం. ఎవరు ముట్టుకున్నా తేదీ, చేసిన పని, కారణం, సంతకం. నాలుగు గడులు, రెండు వైపులా. ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి ఒక కార్డు తెచ్చి కుండీకి కట్టాను. వారమంతా అది ఖాళీగానే కనిపించింది.

నాలుగో శనివారం కాండం నొక్కితే లోపలికి పోయింది. ఆవిడ ముఖం పాలిపోయింది. తర్వాత దారానికి వేలాడుతున్న కార్డుని చేత్తో తిప్పింది.

వెనక వైపు గుండ్రటి దస్తూరీ. నాన్నది.

ఆవిడ పైకి చదివింది. "తేదీ నాలుగు. అర గ్లాసు నీళ్లు. కారణం, మొదటి నుంచీ ఉన్న అలవాటే, మట్టి ఎండింది. తేదీ ఏడు. ఒక గ్లాసు నీళ్లు. కారణం, మట్టి ఎండలేదు గానీ శనివారం దగ్గరపడింది."

నాకు ఏమీ అర్థం కాలేదు. ఆవిడకి అర్థమైనట్టుంది, గొంతు తగ్గించింది.

"తేదీ ఎనిమిది. ఒక గ్లాసు. కారణం, నర్సరీకి వెళ్లొచ్చిన రోజు వాడు కడుపునిండా తింటున్నాడు. పోయిన వారం ఈల కూడా వేశాడు."

కింద పూర్తి సంతకం. నాన్న దొంగతనమైనా చేస్తారు గానీ, గడులున్న కాగితాన్ని ఖాళీగా వదలలేరు. నేను అడిగితే దాచారు, కార్డు అడిగితే చెప్పేశారు.

క్షమించమన్నాను. మా నాన్న చేసిన పనికి ఆవిడ నాలుగు శనివారాలు పాడయ్యాయన్నాను. ఇంకా ఏవో అన్నాను, అవేవీ గుర్తులేవు.

ఆవిడ కార్డుని నెమ్మదిగా కుండీ మీద పెట్టింది.

"మట్టి మార్చిన మొక్కని మూడు వారాలు కదపకూడదండి. కొత్తగా నర్సరీలో చేరినవాళ్లకి మేం మొదట చెప్పేది అదే."

"మరి మీరు ప్రతి శనివారం తెమ్మన్నారు కదా?"

"తెమ్మన్నాను. బస్సులో, కుదుపుల్లో. ఇది ఇలా కావడంలో మీ నాన్నగారి వంతెంతో నా వంతూ అంతే." చెవి మీది పెన్సిల్ తీసి, మళ్లీ అక్కడే పెట్టుకుంది. "ఎందుకు తెమ్మన్నానా అని ఇంటికెళ్లాక అనుకునేదాన్ని. మళ్లీ శనివారం వచ్చేసరికి అదే మాట అనేదాన్ని."

పట్టాలు తప్పిన లిఫ్ట్‌ని సరిచేయడం నాకు వచ్చు. ఈ మాటకి ఏం చెయ్యాలో ఎవరూ నేర్పలేదు.

"నాకు మొక్కలంటే ఏమీ తెలియదండి. శనివారం మాత్రం శుక్రవారం పొద్దుటి నుంచే తెలుస్తోంది" అన్నాను.

ఆవిడ తల వంచుకుని కత్తి తీసుకుంది. కాండం కోస్తే లోపల గోధుమరంగు, మెత్తన. పైకి, ఇంకా పైకి కోసుకుంటూ వెళ్లింది. చివర్లలో పచ్చగా, గట్టిగా ఐదు కొమ్మలు మిగిలాయి. పదకొండేళ్లలో మిగిలింది అంతే. కోసిన చోట పొర కట్టేదాకా ఐదారు రోజులు నీడలో ఆరనిచ్చి, పొడిమట్టిలో గుచ్చింది.

అక్క వచ్చే రోజు ఆ ఐదు చిన్న కుండీలనీ తీసుకుని ఆ అమ్మాయే మా ఇంటికి వచ్చింది. రావద్దన్నాను. చెడ్డ కబురు డాక్టరే చెప్పాలంది.

అక్క పెట్టె దించి కిటికీ వైపు చూసింది. పెద్ద కుండీ ఉండాల్సిన చోట ఐదు పిల్ల కుండీలు. తప్పు నాది అన్నారు నాన్న. కాదు, నాది అందా అమ్మాయి. అప్పజెప్పింది నాకు అన్నాను నేను. అక్క మా ముగ్గురినీ వరసగా చూసి, ఒక కుండీ ముందు కూర్చుంది. కళ్లు తుడుచుకుంది. ఒక చిన్న ఆకుని వేలితో తాకబోయి ఆగిపోయింది.

"వేళ్లు ఎప్పటికి వస్తాయి?" అని అడిగింది.

"మూడు వారాలు పడుతుందండి. అప్పటిదాకా ఎవరూ ముట్టుకోకూడదు."

"అంటే మూడు వారాలు నువ్వు ఇక్కడికి రావాల్సిన పని లేదు."

నాన్న పేపరు వెనక్కి వెళ్లిపోయారు. నా గుండె ఏ అంతస్తులో ఆగిందో నాకే తెలియలేదు.

"మొక్క కోసమైతే లేదండి" అంది ఆ అమ్మాయి.

అక్క ఆవిడ వైపు చూసింది. తర్వాత నా వైపు. తర్వాత గుమ్మం బయటికి, మబ్బు పట్టిన ఆకాశం కేసి.

"చెప్పులు లోపల పెట్టుకోమ్మా" అంది. "వాన వచ్చేలా ఉంది, తడిసిపోతాయి."