గోడ నాకే చప్పుడు

రెండో అంతస్తు చివర, సామాన్లు మోసుకెళ్లే మెట్ల పక్కన ఉన్న ఆ గదికి మంచి పేరు లేదు.

రాత్రి ఆ గదిలో దిగినవాళ్లు తెల్లారేదాకా ఉండరని ఆ హోటల్లో పనిచేసే అందరికీ తెలుసు. ఒక పెద్దమనిషి బనీను మీదే పరుగెత్తుకొచ్చి చొక్కా కౌంటర్ దగ్గర తొడుక్కున్నాడట. కొత్తగా పెళ్లయిన జంట చెప్పులు కూడా వదిలేసి వెళ్లిపోయిందట. ఏమైందండీ అని అడిగితే అందరిదీ ఒకటే మాట...

గోడ లోపల ఎవరో నాకుతున్నారు.

గీకడం కాదు, కొట్టడం కాదు. నాకడం. తడి నాలుకతో, తీరిగ్గా, ఎంత నాకినా ఆకలి తీరనట్టు.

ఈ సంగతి అమ్మలుకి చెప్పింది వాళ్ల పిన్ని. అమ్మలుకి అసలు పేరు వేరే ఉంది గానీ అది ఇంట్లోవాళ్లకి కూడా ఓ పట్టాన గుర్తురాదు. పిన్ని ఆ హోటల్లో దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేస్తుంది. బాబాయి అక్కడే వంట చేసేవాడు. కొన్నేళ్ల కిందట ఓ రోజు పొయ్యి ముందే కుప్పకూలిపోయాడు, మళ్లీ లేవలేదు. ఇక పిన్ని ఆ గడప తొక్కదని చుట్టాలంతా అనుకున్నారు. కానీ పదిరోజులు తిరక్కుండానే పిన్ని మళ్లీ పనిలోకి వెళ్లింది. ఇక మానలేదు. ఎందుకని అడిగితే మాట మార్చేసేది.

అమ్మలు పనిచేసే చెప్పుల షాపు మూతపడ్డాక ఆ పిల్ల అన్నయ్య ఇంట్లో ఉంటోంది. అన్నయ్య ఏమీ అనడు. వదినా ఏమీ అనదు. కాకపోతే అమ్మలుకి వడ్డించేటప్పుడు మాత్రం గరిటె గిన్నెకి కాస్త గట్టిగా తగులుతుంది. అందుకే హోటల్లో రాత్రి కౌంటర్‌కి మనిషి కావాలని పిన్ని చెప్పగానే ఎగిరి గంతేసినంత పనిచేసింది.

"ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు పిన్నీ?"

"ఏముంటుందే... కూర్చోమనేదాకా కూర్చోకు. గోళ్లు చూస్తారు, కత్తిరించుకో. రాదు, తెలీదు అనకు. నవ్వి చూపించమంటారు. పళ్లు కనపడేలా నవ్వు. అలాగని ముప్పై రెండూ బయటపెట్టకు."

"ఇంకా?"

పిన్ని ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టి గొంతు తగ్గించింది.

"పై గదికి వెళ్లమంటే మాత్రం... వెళ్లకు."

రాత్రి డ్యూటీకి మనిషిని రాత్రే చూడాలి కదమ్మా అన్నాడు మేనేజర్ ఫోన్లో. అలా అమ్మలు చీకటిపడ్డాక వెళ్లింది.

మేనేజర్ మల్లెపువ్వులాంటి తెల్లచొక్కాలో ఉన్నాడు. గొంతు మెత్తగా, వెన్నపూసలా ఉంది. కూర్చోమన్నాడు. మంచినీళ్లు తెప్పించాడు. గ్లాసు అంచున ఎవరివో పెదాల జిడ్డు మరక. అయినా ఆయన చూస్తున్నాడు కదా అని అమ్మలు మరక అటువైపుకి తిప్పి ఓ గుక్క తాగింది.

"గెస్ట్ నీ మీద అరిస్తే ఏం చేస్తావు?"

"ముందు సారీ చెప్తానండీ."

"తప్పు మనది కాకపోతే?"

"అయినా చెప్తానండీ."

"మనదే అయితే?"

ఈ ప్రశ్న పిన్ని చెప్పలేదు. "సరిచేస్తానండీ," అంది అమ్మలు.

మేనేజర్ చిన్నగా నవ్వాడు. ఏమీ తెలియని పిల్లని చూసి పెద్దవాళ్లు నవ్వినట్టు. తర్వాత సొరుగు తెరిచి తాళంచెవి ఒకటి టేబుల్ మీద పెట్టాడు.

"రెండో అంతస్తు, చివరి గది. కాసేపు కూర్చుని రా. భయపడేవాళ్లు రాత్రి డ్యూటీకి పనికిరారు."

వెళ్లకు అన్న పిన్ని మాట చెవిలో ఉంది. వదిన గరిటె చప్పుడు కూడా చెవిలోనే ఉంది.

తాళంచెవి తీసుకుంది.

కారిడార్ సగం దాటాక లైట్లు లేవు. తలుపు తీయగానే వాసన ముఖాన కొట్టింది. కుళ్లు వాసన కాదు... మాడిన నూనె ముక్కిపోయి, దాని మీద ఎవరో సెంటు చల్లినట్టు. తివాచీ మీద అడుగు వేస్తే చెప్పు అంటుకుని, చప్... అని ఊడి వస్తోంది. స్నానాల గదిలో తొంగిచూసింది. నీళ్లు పోయే జాలీ నిండా వెంట్రుకలు, వాటి మీద నురగ ఎండి పసుపుపచ్చగా గట్టిపడింది. మంచం మీద దుప్పటి మాత్రం తెల్లగా, మడత నలక్కుండా ఉంది. పిన్ని చేతి ఇస్త్రీ.

మంచం అంచున, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని కూర్చుంది.

ఒక్క నిమిషం ఏమీ లేదు.

తర్వాత... తలవైపు గోడలో...

చప్... చప్... చప్...

అమ్మలు లేవబోయింది. చప్పుడు ఆగింది. మళ్లీ మొదలైంది, ఈసారి ఇంకా దగ్గరగా, సరిగ్గా చెవి పక్కన. ఒక నాలుక కాదు. రెండు... మూడు... ఎన్నో.

ఆసరాకని గోడ మీద చెయ్యి వేసింది. చెయ్యి లోపలికి దిగింది.

గోడకి అంటించిన పూల కాగితం వెనక మెత్తగా, గోరువెచ్చగా ఏదో ఉంది. చెయ్యి వెనక్కి లాగితే కాగితం కూడా చేతికి అంటుకుని చర్మం ఊడినట్టు ఊడొచ్చింది. వేళ్ల మధ్య పసుపురంగు జిడ్డు తీగలుగా సాగుతోంది.

దెయ్యానికి జిడ్డు ఉంటుందా?

ఆ ప్రశ్న రాగానే భయం కాస్త వెనక్కి తగ్గి, దాని చోట్లోకి ఒళ్లంతా పాకే రోత వచ్చింది. ఫోన్ లైటు వేసి కన్నంలోకి చూసింది.

లోపల తుప్పుపట్టి చిరిగిన రేకు గొట్టం. దాని లోపలంతా ఏళ్ల తరబడి పేరుకున్న నూనె, చీములా, వేలెడు మందాన. దాని మీద ఎలుకలు. ఒకదాని మీద ఒకటి ఎక్కి, తడిసిన బొచ్చుతో, కళ్లు మూసుకుని నాకుతున్నాయి. లైటు పడినా కొన్ని కదల్లేదు. ఒకటి మాత్రం మూతి ఎత్తి అమ్మలు వైపు చూసి, మీసాలు తుడుచుకుని, మళ్లీ నాకడం మొదలుపెట్టింది.

అమ్మలు ఆ స్నానాల గదిలోనే కక్కుకుంది.

కిందికొచ్చేసరికి మేనేజర్ గోళ్లు చూసుకుంటున్నాడు. తాళంచెవి ఇవ్వబోయింది. దాని జిడ్డు చూసి ఆయన ముట్టుకోలేదు. తర్వాత ఇద్దువుగానిలే అన్నాడు.

"సార్... అక్కడ ఎలుకలున్నాయండీ."

"ఓహో, చూశావన్నమాట." ఆయన ముఖంలో కంగారు లేదు. "అది వంటింటి పొగ గొట్టం. గోడలోంచి పైకి పోతుంది. ఎప్పుడో చిరిగింది. బాగుచేయాలంటే గోడ పగలగొట్టాలి, వంటిల్లు మూసెయ్యాలి."

"మరి గెస్టులు..."

"దెయ్యం అంటే భయపడి వెళ్లిపోతారమ్మా. ఎలుకలంటే కంప్లైంట్ పెడతారు." టేబుల్ మీదికి వంగి, మెత్తటి గొంతు ఇంకా మెత్తగా చేశాడు. "ఎవరైనా వచ్చి గోడలో ఏదో చప్పుడు అన్నారనుకో. 'మీకూ వినపడిందా అండీ...' అను. అంతే చాలు. మిగతాది వాళ్లే అల్లుకుంటారు. ఏదీ, ఒకసారి అను చూద్దాం."

అదే ఆఖరి ప్రశ్న. ఆ మాట అంటే ఉద్యోగం చేతిలో ఉన్నట్టే.

అమ్మలు నోరు తెరిచింది. నాలుక మీద ఇందాకటి జిడ్డు గ్లాసు రుచి తగిలింది.

"ఆలోచించుకుని చెప్తానండీ."

"ఆలోచించుకో. నేను భోంచేసి వస్తా," అని లేచి వంటింటి వైపు వెళ్లిపోయాడు.

అమ్మలు నేరుగా వెనకవైపు ఇస్త్రీ గదికి పోయింది. చేతులు సబ్బుతో ఎంత రుద్దినా జిడ్డు వదల్లేదు.

"పిన్నీ, ఆ గదిలో దెయ్యం లేదు, ఏమీ లేదు. ఇన్నాళ్లూ నిన్ను ఊరికే భయపెట్టారు."

పిన్ని హమ్మయ్య అంటుందనుకుంది. అనలేదు. చేతిలోది ఎవరో లాక్కున్నట్టు ఆవిడ ముఖం చిన్నబోయింది.

"లేకపోవడమేంటే..."

"నాతో రా. కళ్లారా చూద్దువుగాని."

పిన్ని జుట్టు సవరించుకుంది. దుప్పట్ల బండి మీద ఓ గ్లాసు మంచినీళ్లు పెట్టుకుంది. భయపడే మనిషి చేసే పనులు కావవి. అమ్మలుకి అర్థం కాలేదు.

బండి చక్రం ఒకటి కారిడార్ పొడుగునా కీచుమంటూనే ఉంది. అది గది ముందు ఆగాక లోపలికెళ్లి, అమ్మలు కన్నంలోకి లైటు వేసింది. పిన్ని వంగి చూసింది. చాలాసేపు చూసింది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకోవడం కూడా మర్చిపోయింది.

"ఎలుకలు... సరే," అంది చివరికి. "మరి నన్ను పిలిచేదెవరే?"

"పిలవడమేంటి?"

"మీ బాబాయి." పిన్ని గొంతు గుసగుసలోకి దిగింది. "ఈ బండి తోసుకుంటూ ఇటొచ్చినప్పుడల్లా 'బుల్లీ' అంటారు. నన్నలా పిలిచింది ఆయనొక్కరే. ఇంట్లోనే కాదు, ఇక్కడి వంటింట్లో అందరి ముందూ అలాగే పిలిచేవారు... అందుకే పని మానలేదు. దాహమంటారు. రోజూ గుమ్మం దగ్గర నీళ్లు పెడుతున్నా. పొద్దున్నకి గ్లాసు ఖాళీగా ఉంటుందే."

అమ్మలు ఎలుకల తడి మూతుల వైపు చూసింది. గ్లాసు వైపు చూసింది.

అప్పుడు వినపడింది.

"బుల్లీ..."

గొట్టంలోంచి. లోతుగా, నూతిలోంచి వచ్చినట్టు. పిన్ని అమ్మలు చెయ్యి గట్టిగా పట్టుకుంది.

"బుల్లీ... దాహమే..."

తర్వాత, ఆపుకోలేక చీదినట్టు ఒక చప్పుడు. ఎవరో ఉష్ అన్నారు. "ఉండరా, బండి ఆగింది. వింటోంది..." గరిటె గిన్నెకి తగిలింది. ఇద్దరో ముగ్గురో కిసుక్కుమన్నారు. ఆ నవ్వుల మధ్యలోంచి, నోటి నిండా ముద్ద పెట్టుకుని, ఒక మెత్తటి గొంతు అంది...

"ఇంకోసారి అనరా."

ఇందాక అమ్మలుని ప్రశ్నలడిగిన గొంతు అది.

ఆ రాత్రి అమ్మలు తాగిన నీళ్లు, తొక్కిన తివాచీ, చేతికంటిన జిడ్డు, ఏవీ ఇంత రోత పుట్టించలేదు. చచ్చిన మనిషి పిలుపుని ఎంగిలి చేసి, అతని పెళ్లాం మీదికే ఊస్తున్నారు. ఇన్నేళ్లుగా. భోంచేస్తూ. అమ్మలు కన్నం దగ్గరికి ఉరికి, నోటికొచ్చింది తిట్టబోయింది.

పిన్ని చెయ్యి ఆమె నోటికి అడ్డం వచ్చింది.

పిన్ని ఏడవడం లేదు. మోకాళ్ల మీద కూర్చుని, ఆ జిడ్డు గోడ మీదే చెయ్యి ఆనించి, కన్నంలోకి ముఖం పెట్టింది. పక్కింటావిడకి కబురు చెప్పినంత నెమ్మదిగా గుసగుసగా అంది...

"ఆయన ఇక్కడే ఉన్నారు."

కింద నవ్వు ఆగిపోయింది.

"మిమ్మల్ని ఒక్కొక్కళ్లనీ పేరు పెట్టి అడుగుతున్నారు... ముందు ఎవరొస్తారు?"

పెద్ద గిన్నె ఏదో కిందపడి దొర్లింది. కుర్చీ పడింది. తలుపు దబ్బున తెరుచుకుంది, కాళ్ల చప్పుళ్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ దూరమైపోయాయి. తర్వాత గొట్టంలో ఇంకేమీ లేదు. మనిషి లేని వంటింట్లో పొయ్యి ఒక్కటే బుస్సుమంటోంది.

అమ్మలుకి నవ్వొచ్చింది. భలే బుద్ధి చెప్పావు పిన్నీ అందామని ఇటు తిరిగింది.

పిన్ని నవ్వడం లేదు. అప్పటికే లేచి, గది మూల ఖాళీగా ఉన్న చోటు వైపు చూస్తూ, తల కొంచెం పక్కకి వంచి, ఏదో వింటున్నట్టు నిలబడింది.

"చెప్పానండీ," అంది మెల్లగా.

అమ్మలుతో కాదు.