చెవులున్న వాల్వు

దీపాలు పెట్టేవేళ దాటాక ఆ మేడ మీది గది మెట్లెక్కకూడదని ఆ సందులో అందరికీ తెలుసు.

ఆ గది గోడ అవతలి వాటాలోకి అద్దెకు దిగినవాళ్ళు ఏడాది తిరక్కుండానే ఖాళీ చేసేస్తారు. ఎందుకని అడిగితే నీళ్ళు సరిగా రావంటారు, ఉక్కపోతంటారు. సామానంతా బండికెక్కాక, గడప దగ్గర నిలబడి గొంతు తగ్గించి అప్పుడు చెప్తారు అసలు సంగతి. రాత్రిపూట గోడ అవతల ఎవరో గాజు మీద పెన్సిల్‌తో తడుతున్నట్టుంటుందండీ... టిక్... టిక్... రెండేసార్లు. మళ్ళీ ఏమీ ఉండదు.

నేను బడిలో సైన్సు చెప్పి రిటైరైనదాన్ని. దెయ్యాన్ని నమ్మను, నా దగ్గర చదువుకున్నవాళ్ళని నమ్మనివ్వలేదు. ఇది నాకు జరిగింది కాదు. మా చెల్లెలి కూతురు చెప్పగా విన్నది. ఇందులో నేను జవాబు చెప్పలేకపోయిన ముక్క ఒకటుంది. అది చివర్లో వస్తుంది, ఓపిక పట్టండి.

ముందు వాల్వంటే ఏమిటో చెప్పాలి. అదొక గాజు బుడ్డి. లోపలి గాలంతా తోడేసి సన్నటి తీగలూ రేకులూ నిలబెడతారు. తీగ నిప్పులా కాలితే పాటకి బలం వస్తుంది. పాత రేడియోలు, పెద్ద సౌండు పెట్టెలు వీటితోనే పలికేవి. బుడ్డి నెత్తిన లోపలివైపు వెండిలాంటి పూత ఉంటుంది, అద్దంలా గదినంతా చూపిస్తుంది. ఇంతే. ఇది గుర్తుంటే చాలు.

ఆ గది మా మరిదిది, అంటే మా చెల్లెలి మొగుడిది. రేడియోలు బాగుచేసేవాడు. చేతిలో బంగారం, నోట్లో నిప్పు. ఎవరి వేలు ఆయన బల్ల మీదికి వచ్చినా స్క్రూడ్రైవర్ పిడితో ఒక్కటిచ్చేవాడు. "ముట్టుకోకు" — రోజు మొత్తం మీద ఆయన నోటినుంచి వచ్చే మాట అదొక్కటే అనుకోండి. సందులో ఆయన పేరే 'ముట్టుకోకు మామ' అయిపోయింది. మా చెల్లెలు బతికినన్నాళ్ళూ ఆ బల్ల దుమ్ము దులపలేదు. దులపనిస్తే కదా.

వాల్వు ఆరోగ్యం తెలుసుకోవాలంటే ఆయన పెన్సిల్ తిరగేసి, రబ్బరున్న వైపుతో దాని నెత్తిన రెండుసార్లు తట్టేవాడు. ముసలి వాల్వుల్లో తీగలు వదులవుతాయి. అలాంటిదాన్ని తడితే ఆ అదురు స్పీకర్లో ణంగుమంటుంది. దగ్గర నిలబడి మాట్లాడినా, ఊపిరి వదిలినా స్పీకర్లో వినిపిస్తుంది. వాటిని ఆయన 'చెవులున్న వాల్వులు' అనేవాడు.

కూతురికి టంకం వెయ్యడం నేర్పాడు. అది నేర్చుకుంది, ఆ తర్వాత వదిలేసి కెమెరా పట్టుకుంది. మనుషుల ఫోటోలు కాదు. పాత వాల్వులవి, ముక్కు ఆనేంత దగ్గరనుంచి. ఒక్కో తీగ ఇంటి వాసమంత లావుగా కనబడుతుంది ఆ ఫోటోల్లో. తండ్రికి చూపిస్తే, "చేతగానివాళ్ళే బొమ్మలు తీసుకుంటారు. ఈ గడప తొక్కకు" అన్నాడు. అది తొక్కలేదు. ఆయన బల్ల ముందు కుర్చీలోనే పోయాడు. వాళ్ళన్నయ్య అన్నీ అయిపోయాక దీనికి ఫోను చేశాడు.

ఆ గదిలో ఆయన స్వయంగా కట్టుకున్న సౌండు పెట్టె ఒకటుంది. దాని నడుమ పిడికిలంత వాల్వు. అలాంటిది మళ్ళీ దొరకదంటుంది మా పిల్ల. తన ఫోటోల ప్రదర్శనలో నడిమి గోడ దానికోసమే ఖాళీగా ఉంచుకుంది. వాళ్ళన్నయ్యేమో పెట్టెని పాతసామాన్లవాడికి ఇచ్చేస్తానన్నాడు. మధ్యలో నేను ఫోను చేసి బతిమాలాను.

"నీ మొహం చూసి ఒక్క రాత్రి, పెద్దమ్మా. తెల్లారితే బండి వస్తుంది" అన్నాడు.

చీకటిపడ్డాక మా పిల్ల వెళ్ళింది. అన్నయ్య మెట్ల మీద కూర్చునున్నాడు.

"వచ్చావా? మనిషి పోతే రానిదానివి, గాజుబుడ్డి కోసం వచ్చావు."

"చెప్పుంటే వచ్చేదాన్నన్నయ్యా."

"నాన్నే చెప్పొద్దన్నాడు. చెప్పలేదు."

తలుపు వెనకనుంచి వదిన అందుకుంది. "పోనిద్దురూ, ఏడవాలన్నా ఆవిడకి కెమెరాలోంచి చూస్తేగాని రాదేమో."

"పగలు తగలడొచ్చుగా?" అన్నాడు వాడు.

"పగటి వెలుతురు గాజు మీద పడుతుంది. చీకట్లో దాని వెలుగుతోనే తియ్యాలి."

"తియ్యి, తియ్యి. పైన నాన్నున్నాడు. ఆయనతో తేల్చుకో." తాళంచెవి చేతికివ్వలేదు. మెట్టు మీద పడేశాడు.

అది పైకెళ్ళి తలుపు తీసి లైటు స్విచ్చి నొక్కింది. వెలగలేదు. ఎన్నాళ్ళో వాడని గది, బల్బు మాడిపోయి ఉంటుందనుకుంది. టార్చి వేసింది. బల్ల... కుర్చీ... బల్ల మీద తిరగేసి పెట్టిన పెన్సిల్. టంకం వాసన ఇంకా పోలేదట.

పెట్టె ప్లగ్గు గోడకి తగిలించి ఉంది. స్పీకర్ తీగ కూడా ఉందో లేదో చూసుకుంది. స్పీకర్ లేకుండా వాల్వు పెట్టె వేస్తే లోపల కాలిపోతుంది, తండ్రి నేర్పినదే. సౌండు తగ్గించే బుడిపె తుప్పుపట్టి కదల్లేదు. సరే, మోగితే మోగిందనుకుని మీట నొక్కింది.

కాసేపు ఏమీ లేదు.

తర్వాత గాజు లోపల ఎర్రటి గీత... కాషాయం... నిప్పు. స్పీకర్లో సన్నటి రొద.

టార్చి ఆర్పేసింది. వాల్వు నెత్తిన అద్దంలాంటి పూత ఉంటుందన్నానే — అందులో ఫోటో తీసే మనిషి కూడా పడిపోతుంది. అందుకని నల్లచొక్కా, నల్ల చేతితొడుగులు, కెమెరా మీద నల్లగుడ్డ. నల్లటి గదిలో నల్లటి మనిషి. ఆ నిప్పుగీతకి బెత్తెడు దూరంలో కన్ను పెట్టింది.

అప్పుడు స్పీకర్లో... ఊపిరి.

హుఁ... హుఁ...

అది ఉలిక్కిపడి తల వెనక్కి లాక్కుంది. మరుక్షణం నవ్వొచ్చింది. చెవులున్న వాల్వు. తన ఊపిరే అది, దగ్గరుంది కనక స్పీకర్లోకి పోతోంది. పరీక్షగా "హలో" అని గొణిగింది. స్పీకరూ "హలో" అని గొణిగింది.

ఇంత దగ్గర ఫోటోకి ఈగ వాలినా బొమ్మ చెదిరిపోతుంది. కెమెరా మీట నొక్కేముందు ఊపిరి బిగబట్టాలి. బిగబట్టింది. స్పీకర్ కూడా ఆగింది. నొక్కింది. వదిలింది. స్పీకర్ కూడా వదిలింది.

రెండోది తీసింది. అలాగే అయింది.

ఈసారి గాజు మీద ఆవిరి పట్టింది. అద్దం మీద హా అంటే పడుతుందే, అలాంటి తెల్లటి మసక. తన ఊపిరే అనుకుని మూతికి గుడ్డ కట్టుకుంది, కాస్త వెనక్కి జరిగింది. మసక తగ్గింది. మళ్ళీ పరుచుకుంది. తగ్గింది. పరుచుకుంది...

ఊపిరి బిగబట్టి చూసింది.

స్పీకర్ ఆగలేదు.

హుఁ... హుఁ... నెమ్మదిగా, గరగరగా, ముసలి ఛాతీలోంచి వచ్చినట్టు. దానికి తెలుసు ఆ గరగర. చిన్నప్పుడు పక్కగదిలోంచి రాత్రుళ్ళు వినేది. ఆ గరగర వినబడితే చాలు, ఆటబొమ్మ కింద పెట్టేసేది.

లేచి పారిపోవచ్చు. తెల్లారితే బండి వస్తుంది, గోడ ఖాళీగా ఉండిపోతుంది. దానికి భయంకన్న ముందు కోపం వచ్చిందట. బతికుండగా గడప తొక్కనివ్వలేదు, పోయాక ఫోటో కూడా తీసుకోనివ్వడా? గాజు మీది మసక తుడిచేద్దామని నల్లటి తొడుగు చెయ్యి చాపింది.

టిక్.

టిక్.

స్పీకర్లో ణంగు... ణంగుమని మోగింది. బల్ల మీద పెన్సిల్ ఉన్నచోట చీకటి తప్ప ఏమీ కనబడలేదు.

"ముట్టుకోకు."

పెద్దగా కాదు. చెవి పక్కన అన్నట్టు, విసుగ్గా, ఎప్పుడూ అన్నట్టే.

దాని చెయ్యి గాలిలో ఆగిపోయింది. చిన్నప్పుడు ఆగినట్టే ఆగింది. ఇంత వయసొచ్చీ ఆ ఒక్క మాటకి వేళ్ళు ముడుచుకున్నాయి, దానికే ఇంకా మండింది.

"ముట్టుకోను" అని గొణిగింది. "చూస్తాను. అది నీ చేతిలో లేదు."

దాని మాట స్పీకర్లో పలకలేదు. గరగర మాత్రం ఆగలేదు. వాల్వులో నిప్పు తెల్లబడింది, కాల్చేసేటంత కోపంగా. మా పిల్ల కన్ను తియ్యలేదు. ఊపిరి బిగబట్టి, మసక మసకగానే, మీట నొక్కింది.

ఎవరో ఉఫ్‌మని ఊదినట్టు వాల్వు ఆరిపోయింది.

చీకట్లో కెమెరా గుండెకి హత్తుకుని, గోడ తడుముకుంటూ మెట్లు దిగింది. కింద అన్నయ్య ఇంకా అక్కడే కూర్చునున్నాడు. మొహంలో నవ్వుంది, మంచి నవ్వు కాదు.

"అయిందా సంబరం? ఒక్కటైనా పడిందా?"

"పడింది."

"కోతలు కోయకు."

అది కెమెరా వెనక తెర వాడి మొహం ముందు పెట్టింది. చీకట్లో నిప్పుగీత, దాని చుట్టూ గాజు, గాజు మీద మసక. వాడు చూశాడు. నవ్వు ఆరిపోయింది. తర్వాత చొక్కా జేబులోకి చెయ్యి పోనిచ్చి, తెల్లటి పింగాణీ ముక్కొకటి తీసి మెట్టు మీద పెట్టాడు.

పై గది ఫ్యూజు.

"నువ్వు రాకముందే పీకేశాను" అన్నాడు. "నీకు పడకూడదని."

లోపల్నుంచి వదిన గొంతు సన్నగా వచ్చింది. "నేనే పీకమన్నాను."

ఆ తర్వాత ఎవరూ ఒకరినొకరు తిట్టుకోలేదట. తెల్లారాక వాడు ఫ్యూజు పెట్టి, వీధిలో నిలబడి పై కిటికీ వైపు చూశాడు. గదిలో బల్బు వెలిగింది. అది మాడిపోలేదు. పాతసామాన్ల బండివాణ్ణి వాడే పంపించేశాడు. పెట్టె అక్కడే ఉంది. గదికి తాళం ఉంది. వాడు పైకెక్కడు.

నాకు తెలిసిన సైన్సంతా తిరగేశాను. పెట్టెలో కరెంటు కొంచెం నిలవుంటుంది, నిజమే. అది ఆ తీగని ఒక్క ఫోటో తీసేంతసేపు వెలిగించడానికైనా చాలదు. వేరే ఇంటి కరెంటేమో అనుకుని తీగలన్నీ చూపించమన్నాను. మరో తీగ లేదు.

"పోనీలే, చివరికి నీకోసమే వెలిగించాడేమోనే" అన్నాను దాని మనసు కుదుటపడుతుందని.

అది తలడ్డంగా ఊపింది. "కాదు పెద్దమ్మా. నాకోసం కాదు. వేరేవాళ్ళ చెయ్యి దానిమీద పడకుండా కాపలా కాశాడు. ఆ గొంతు నువ్వు వినలేదు."

ప్రదర్శనకి నన్నూ తీసుకెళ్ళింది. నడిమి గోడంతా ఆ ఒక్క ఫోటోయే, తలుపంత. జనం చూసి బాగుంది, బాగుందన్నారు. నేను కళ్ళజోడు సరిచేసుకుని దగ్గరికి వెళ్ళాను.

ఆవిరి వేడిగాజు మీద పట్టదు. చల్లటి గాజు మీదే పడుతుంది. పిల్లలచేత ఎన్నిసార్లు చేయించానో ఆ ప్రయోగం. ఆ ఫోటోలో తీగ నిప్పులా మండుతోంది, గాజు మాత్రం మంచినీళ్ళ గ్లాసులా చల్లగా ఉండి ఉండాలి. పోనీ అదైనా మా పిల్ల ఊపిరే అనుకుందామంటే, మసక కెమెరా వైపు లేదు. అవతలివైపు, గోడవైపుంది. పెట్టెకీ గోడకీ మధ్య అరచెయ్యి కూడా దూరదు.

ఇంకా దగ్గరికి వెళ్ళాను. మసకలో, నెత్తికి కాస్త కింద, రెండు చిన్న గుండ్రటి మచ్చలున్నాయి. తుడిచినట్టు స్పష్టంగా, పక్కపక్కనే.

పెన్సిల్ వెనక రబ్బరెంతుంటుందో, సరిగ్గా అంత.